నమూనా లారీకి మారు చక్రాలు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి సామగ్రి చేరవేసిన వాహనాలలో జి.ఎం.సి. వారి రెండున్నర టన్నుల లారీ పేరెన్నిక గన్నది. సి.సి.కె.డబ్ల్యు. అనేది దాని గుర్తు. ఇటువంటి లారీలు 5 లక్షలకు పైగా తయారైనాయి. 1944 ఆగస్టు 25 మొదలు నవంబరు 16 వరకు ఫ్రాన్సులో ‘రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్’ అనే పేరుతో రాత్రింబగళ్ళు సాగిన సరఫరా మార్గంలో ప్రధానంగా శ్రమించినవి ఇవే. వీటిని నడిపినవారిలో సుమారు నాలుగింట మూడు వంతులమంది నల్లజాతి సైనికులు. మన అస్సాములోని లెడో నుంచి బర్మా మీదుగా చైనాకు వేసిన రోడ్డు మీద కూడా ఈ రకపు లారీలు నడిచాయి.

ఆ లారీ ఈనాడు 35వ వంతు పరిమాణంలో, ప్లాస్టిక్ విడిభాగాల రూపంలో, ఒక అట్టపెట్టెలో దొరుకుతున్నది. ఆరున్నర మీటర్ల పొడవుగల వాహనం ఇందులో 19 సెంటీమీటర్లకు లోపే. అనగా జానెడు కూడా ఉండదు. 35 అనే అంకె ఎక్కడిదని విద్యార్థులు అడగవచ్చును. అందులో గణితశాస్త్ర రహస్య మేమీ లేదు. 1960ల తొలినాళ్ళలో జపానులోని తమియా కంపెనీ వారు జర్మనుల పాంథర్ ట్యాంకు నమూనాను తయారుచేస్తూ, దాని కడుపులో మోటారూ, బ్యాటరీలూ పట్టేటంత చోటు కావాలని ఒక పరిమాణం నిర్ణయించుకొన్నారు. తరువాత లెక్క చూసుకొంటే అది ఇంచుమించు 35వ వంతు అయింది. దానినే మిగిలినవారూ అనుసరించారు. సౌకర్యం కోసం పెట్టుకొన్న కొలత కాలక్రమాన ప్రమాణమై కూర్చోవడం శాస్త్రరంగంలో కూడా తరచు జరిగేదే.

ఈ లారీ టైరు మీద 7.50–20 అని ఉంటుంది. మొదటి అంకె టైరు మందం, రెండవది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాలలోనే. ఆ కాలపు టైరు అడ్డుకొలత ఎంతో ఎత్తూ ఇంచుమించు అంతే గనుక, రిమ్ముకు పైన 7.5, కింద 7.5 అంగుళాలు కలిపితే మొత్తం వ్యాసం 35 అంగుళాలు. దీనిని 35తో భాగిస్తే సరిగ్గా ఒక అంగుళం, అనగా 25.4 మిల్లీమీటర్లు. మందం 5.4 మిల్లీమీటర్లు. ఒక పాత రూపాయి బిళ్ళ అంత చక్రం అన్నమాట. ముందు 2, వెనుక రెండు ఇరుసులకు జంటలు జంటలుగా 8, వెరసి 10 చక్రాలు ఒక్కొక్క లారీకి కావాలి. మారు చక్రం ఒకటి వేరే.

చూపరి కన్ను మొట్టమొదట ఆగేది ఈ చక్రాల మీదనే. అయితే పెట్టెలో వచ్చే భాగాలలో సాధారణంగా అన్నిటికంటె బలహీనంగా ఉండేవి కూడా అవే. అందుచేత వీటికి బదులుగా వేరొకరు తయారుచేసిన రెజిన్ చక్రాలను కొని అమర్చుకోవడం నమూనాకారులలో అలవాటయింది. చిన్న చిన్న కర్మాగారాలవారు, కొన్నిచోట్ల ఒకరిద్దరు మనుషులే ఇంటి వెనుక గదిలో కూర్చొని, ఇటువంటి చక్రాలు పోతపోసి అమ్ముతూ ఉంటారు. ఇది చూడడానికి పిల్లల ఆటవలె కనిపించినా, ఇందులో ఉన్నత పాఠశాలలో చెప్పే భౌతిక రసాయన శాస్త్రాలు చాలావరకు ఇమిడి ఉన్నాయి.

ఇడ్లీ గుంట, ఇరుకు మూతి చెంబు

పెట్టెలో వచ్చే భాగాలు పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. ఈ పదార్థాన్ని వేడిచేసి కరిగించి, గొప్ప ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి నెడతారు. చల్లారిన తరువాత అచ్చు రెండు ముక్కలూ విడిపోతాయి, భాగం బయటపడుతుంది. ఇక్కడనే చిక్కు ఉన్నది. ఇడ్లీ పళ్ళెంలో గుంట అడుగున ఇరుకు, పైన వెడల్పు. కాబట్టి ఇడ్లీ తేలికగా ఊడి వస్తుంది. అదే పిండిని ఇరుకు మూతి చెంబులో ఉడికిస్తే, చెంబు పగలగొడితే తప్ప ముద్ద బయటికి రాదు. ఉక్కు అచ్చుకు వంగే గుణం లేదు. అందువల్ల దానిలో పోసే ప్రతి భాగమూ ఇడ్లీ వలె ఉండాలి గాని, చెంబులో ముద్ద వలె ఉండకూడదు.

టైరు విషయంలో ఈ నియమం పాటించడం కష్టం. అచ్చు ముక్కలు ఇరుసు దిశగా ఇరువైపులకూ విడిపోతాయని అనుకొందాం. టైరు మీది గాడి ఇరుసుకు సరిగా సమాంతరంగా లేక ఏ మాత్రం ఏటవాలుగా ఉన్నా, అచ్చులోని ఉక్కు పన్ను ఆ గాడిలో చిక్కుకొంటుంది. రిమ్ము అంచు వెనుక ఉండే పల్లం కూడా అటువంటిదే. అందుచేత కిట్టు తయారుచేసేవారు గాళ్ళను నిస్సారంగా, లోతు తక్కువగా చెక్కడమో, చక్రాన్ని రెండు బిళ్ళలుగా విడదీసి అంటించుకొమ్మనడమో చేస్తారు. రెండు బిళ్ళలను అంటించినప్పుడు టైరు నడినెత్తిన ఒక గీత పడుతుంది. దానిని ఉప్పుకాగితంతో రుద్దితే గీతతోపాటు గట్లు కూడా అరిగిపోతాయి.

ఆ గట్లు పోవడం చిన్న నష్టం కాదు. మన పొలాలలో తిరిగే ట్రాక్టరు వెనుక చక్రాన్ని చూడండి. దాని గట్లు బాణపు గుర్తు వలె ఒక దిశకు వాలి ఉంటాయి. ముందుకు నడిచినప్పుడు బురదను పక్కలకు నెట్టివేస్తాయి. చక్రాన్ని తిరగవేసి బిగిస్తే ఆ సౌకర్యం పోతుంది. అమెరికా సైన్యం యుద్ధంలో విరివిగా వాడిన టైరు వేరు. ముందుకు నడిచినా, వెనుకకు నడిచినా పట్టు ఒకే తీరుగా ఉండేటట్లు దాని గట్లను అమర్చారు. ‘నాన్ డైరెక్షనల్ ట్రెడ్’ అని దాని పేరు. అనగా దిశాభేదం లేనిది. యుద్ధభూమిలో ఏ చక్రమైనా ఏ పక్కనైనా బిగించుకోవచ్చును. టైరు గట్టు చూసి ఫలానా సైన్యపు వాహనమని, ఫలానా కాలపుదని చెప్పగలవారు ఉన్నారంటే అందులో అతిశయోక్తి లేదు. గట్లు అరగదీసిన చక్రం ఆ ఆధారాన్ని చెరిపివేసినట్లే.

కొందరు తయారీదార్లు వేరొక మార్గం తొక్కారు. రిమ్మును గట్టి ప్లాస్టిక్‌తోనూ, టైరును మెత్తని వినైల్‌తోనూ చేసి, టైరును రిమ్ముకు తొడిగే ఏర్పాటు చేశారు. మెత్తని పదార్థం గనుక సాగదీసి అచ్చు నుంచి ఊడదీయవచ్చును. గాళ్ళు లోతుగా వస్తాయి. ఇది అన్నివిధాలా మేలనిపిస్తుంది. కాని వినైల్, అనగా పాలీవినైల్ క్లోరైడు, స్వతహాగా గట్టి పదార్థం. ఇండ్లలో నీటి గొట్టాలు దానితో చేసినవే. దానిని మెత్తపరచడానికి థాలేట్లు మొదలైన నూనెవంటి ద్రవాలను కలుపుతారు. వీటికి ప్లాస్టిసైజర్లు అని పేరు. ఇవి వినైల్ అణువులతో రసాయనికంగా బంధింపబడవు. వాటి నడుమ దూరి ఉంటాయి, అంతే. కాబట్టి ఆనుకొని ఉన్న పాలీస్టైరీన్‌లోకి మెల్లమెల్లగా వలస పోగలవు. పోయి దానిని కూడా మెత్తపరుస్తాయి. కొన్ని సంవత్సరాల తరువాత చూస్తే రిమ్ము కరిగి, టైరుకు అతుక్కొని, జిగురు ముద్దగా మారి ఉంటుంది. నెలల తరబడి శ్రమించి చేసిన లారీ అల్మారాలో కదలకుండా నిలబడి ఉండగానే కుంటిదవుతుంది.

దీనిని చూడడానికి నమూనా లారీ అక్కరలేదు. చెరిపే రబ్బరులలో చాలారకాలు నిజానికి రబ్బరు కావు, మెత్తపరచిన వినైలే. అటువంటి రబ్బరును పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలుకు ఆనించి, జామెట్రీ పెట్టెలో ఒక వేసవి గడచేవరకు ఉంచితే, స్కేలు మీద రబ్బరు ఆకారంలో గుంట పడడం విద్యార్థులు చాలామంది గమనించే ఉంటారు. ఉపాధ్యాయులు దీనిని ఒక ప్రయోగంగా తరగతిలో పెట్టవచ్చును. మ్యూజియములలో భద్రపరచిన ప్లాస్టిక్ వస్తువులను కాపాడేవారికి తలనొప్పిగా పరిణమించిన సమస్య కూడా ఇదే.

వంగే అచ్చు

అచ్చు వంగకపోవడం చేత వచ్చిన చిక్కు గనుక, వంగే అచ్చు ఉంటే ఆ చిక్కు తీరుతుంది. రెజిన్ చక్రాల రహస్యమంతా ఇంతే. ముందుగా ఒక మూలచక్రాన్ని తయారుచేస్తారు. ఒకప్పుడు దీనిని చేతితో చెక్కేవారు. 40, 50 గట్లను ఒకదాని పక్కన ఒకటి అంటించేవారు. ఈనాడు కంప్యూటరు మీద గీసి అచ్చువేస్తున్నారు. ఈ మూలచక్రాన్ని చిన్న పెట్టెలో నిలిపి, చుట్టూ ద్రవరూపంలో ఉన్న సిలికోన్ రబ్బరును పోస్తారు. గదిలోని వేడిమికే అది కొన్ని గంటలలో గడ్డకట్టి, మెత్తగా సాగే ముద్దగా తయారవుతుంది. దానిని కోసి మూలచక్రాన్ని బయటికి తీస్తే, లోపల చక్రపు ఆకారంలో ఖాళీ మిగులుతుంది.

సిలికోన్ అణువులో వెన్నెముక కార్బనుతో ఏర్పడినది కాదు. సిలికాన్, ఆక్సిజన్, మళ్ళీ సిలికాన్, ఆక్సిజన్ – ఇట్లా గొలుసు సాగుతుంది. ఇసుకలో ఉండేదీ ఈ జతయే. అయితే ఇక్కడ ప్రతి సిలికాన్‌కూ రెండు వైపుల మిథైల్ సముదాయాలు తగిలి ఉండడం వల్ల గొలుసు తేలికగా మెలితిరుగుతుంది. ఇతర పదార్థాలు దానికి అంటుకోవు. 1940లో అమెరికాలో యూజీన్ రోకో అనే శాస్త్రజ్ఞుడు సిలికాన్ నుంచి నేరుగా దీని ముడిపదార్థాలను తయారుచేసే పద్ధతి కనిపెట్టిన తరువాత సిలికోన్లు విరివిగా వాడుకలోకి వచ్చాయి. పోతపని చేసేవారు చెప్పుకొనే గుణం ఒకటున్నది: మూలవస్తువు మీద వ్రేలిముద్ర పడి ఉంటే అది కూడా అచ్చులో దిగుతుంది. టైరు పక్కన అంగుళం ఎత్తున ఉండే అక్షరం నమూనాలో 0.7 మిల్లీమీటరు, అంతటి అక్షరాన్నీ సిలికోన్ స్పష్టంగా పట్టుకొంటుంది. అయితే దీనికీ కొన్ని పట్టింపులు లేకపోలేదు. ప్లాటినం ఉత్ప్రేరకంగా గడ్డకట్టే సిలికోన్ గంధకాన్ని సహించదు. మూలచక్రాన్ని నిలపడానికి వాడిన మట్టిలో గంధకం ఉంటే, దానిని తాకినంత మేర సిలికోన్ గడ్డకట్టక జిగటగా ఉండిపోతుంది.

ఇక ఆ ఖాళీలో పోసేది రెజిన్. ఈ మాట మొదట చెట్ల నుంచి కారే గుగ్గిలం వంటి పదార్థాలకు పేరు. తరువాత కర్మాగారంలో తయారై గడ్డకట్టే జిగట ద్రవాలన్నిటికీ వర్తించింది. చక్రాలకు వాడేది పాలీయూరిథేన్ అనే రకం. దీనిని 1937లో జర్మనీలో ఒటో బేయర్, ఆయన సహచరులు కనిపెట్టారు. ఇది రెండు సీసాలలో వస్తుంది. ఒక దానిలో ఐసోసయనేటు. దాని అణువు చివరలలో నత్రజని, కార్బను, ఆక్సిజన్ వరుసగా కూడిన సముదాయం ఉంటుంది. రెండవ దానిలో పాలీయాల్. దాని అణువులో ఆల్కహాలులో వలె హైడ్రాక్సిల్ సముదాయాలు ఒకటి కంటె ఎక్కువ ఉంటాయి. రెంటినీ కలిపితే ఒకదాని చేయి ఒకటి పట్టుకొన్నట్లు అణువులు వరుసగా కలిసిపోయి బృహదణువులు ఏర్పడతాయి. ఈ చర్యలో వేడి పుడుతుంది. కలిపిన కొద్ది నిమిషాలలోనే, పలచగా ఉన్న ద్రవం చూస్తుండగా తెల్లబడి రాయి అవుతుంది. కాబట్టి పోసేవాడు కలపడం, పోయడం, బుడగలు తీయడం అన్నీ ఆ రెండు మూడు నిమిషాలలో ముగించుకోవాలి.

బుడగలే ఈ పనిలో ప్రథమ శత్రువులు. అవి రెండు విధాలుగా పుడతాయి. కలిపేటప్పుడు గాలి చొరబడడం ఒకటి. రెండవది రసాయనికమైనది. ఐసోసయనేటు నీటితో కూడా చర్య జరుపుతుంది. అప్పుడు కార్బన్ డయాక్సైడు, మన పాత పుస్తకాలలోని బొగ్గుపులుసు వాయువు, వెలువడుతుంది. పరుపులలో వాడే స్పాంజిని పొంగించడానికి ఈ చర్యనే కోరి ఉపయోగిస్తారు. చక్రంలో మాత్రం అది పనికిరాదు. సముద్రతీరపు ఊళ్ళలో వానకాలం సీసా మూత తెరచి ఉంచితే గాలిలోని తేమ చాలు, రెజిన్ చెడిపోవడానికి. ఒక చోట మేలైనది మరొక చోట చేటు అన్నమాట.

గాలిబుడగలను పోగొట్టడానికి పోత పోసిన అచ్చును గట్టి పాత్రలో ఉంచి, లోపలికి గాలిని ఒత్తుతారు. మొత్తం ఒత్తిడి వాతావరణ పీడనానికి 4 రెట్లు అయినదనుకొందాం. బాయిల్ నియమం ప్రకారం బుడగ ఘనపరిమాణం నాలుగవ వంతు అవుతుంది. ఇది చాలా తగ్గినట్లు కనిపిస్తుంది గాని, వ్యాసం తగ్గేది ఘనమూలాన్ని బట్టి. ఒక మిల్లీమీటరు బుడగ 0.63 మిల్లీమీటరుకు వస్తుంది, అంతే. అది ఇంకా కంటికి కనిపించే గుంటయే. మరి ఒత్తిడి వల్ల ఇంత మేలు ఎట్లా కలుగుతున్నది? ఇక్కడ హెన్రీ నియమం తోడుపడుతుంది. ఒత్తిడి పెరిగినకొద్దీ ద్రవంలో వాయువు ఎక్కువగా కరుగుతుంది. గోలీసోడాలో గోలీ నొక్కేవరకు బుడగలు కనిపించవు కదా! అదే విధంగా చిన్న బుడగలు రెజిన్‌లో కరిగిపోతాయి. ఒత్తిడి తీసివేసేలోగా రెజిన్ గట్టిపడుతుంది గనుక మళ్ళీ బయటపడలేవు.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక అవసరం. 1984 డిసెంబరు 2–3 రాత్రి భోపాల్‌లో వేలమంది ప్రాణాలను బలిగొన్నది మిథైల్ ఐసోసయనేటు. చక్రాల రెజిన్‌లో ఉండే ఐసోసయనేటు అది కాదు. దీని అణువులు పెద్దవి, సులభంగా ఆవిరి కావు. రెంటినీ ఒకే గాటకట్టి భయపడడం సరికాదు. అయితే చర్యాశీలమైన సముదాయం మాత్రం రెంటిలోనూ ఒకటే. దీని ఆవిరిని, తుంపరలను మాటిమాటికి పీల్చేవారిలో కొందరి శరీరం దానికి వికటించే స్థితికి వస్తుంది. ఒకసారి ఆ స్థితి వచ్చిన తరువాత, అతి స్వల్పమైన మోతాదు కూడా ఉబ్బసం తెప్పించగలదు. గాలి ఆడని గదిలో, చేతులకు తొడుగులు లేకుండా ఈ పని చేయరాదు. పాఠశాలలో పిల్లల చేత అసలే చేయించరాదు; అచ్చు సూత్రాలు బోధించడానికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సరిపోతుంది. గట్టిపడిన చక్రం నిరపాయమైనదే గాని, దానిని రుద్దినప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. అందుచేత ఉప్పుకాగితాన్ని నీటిలో తడిపి రుద్దాలి.

సిలికోన్ అచ్చుకు ఆయుర్దాయం తక్కువ. రెజిన్ వేడికీ, రసాయనాలకూ అది పెళుసెక్కి, కొన్ని పదుల పోతలయ్యేసరికి సన్నని పళ్ళు చిరగడం మొదలుపెడుతుంది. ఉక్కు అచ్చు లక్షల భాగాలను పోస్తుంది. కాని దానికి అయ్యే ఖర్చు చిన్న వ్యాపారి భరించలేడు. రెజిన్ చక్రాల జత ఒకటి కొన్నిచోట్ల కిట్టు ధరలో సగం దాకా పలకడానికి కారణం ఇదే. దీనిని ఆశించి కొందరు, ఒకరు అమ్మిన చక్రాన్నే మూలచక్రంగా పెట్టుకొని అచ్చుతీసి, నకళ్ళు పోసి అమ్ముతూ ఉంటారు. మూలచక్రాన్ని రూపొందించిన వాని కొన్ని వారాల శ్రమ ఒక రాత్రిలో పరుల పాలవుతుంది. చిత్రమేమంటే, ఈ చౌర్యాన్ని కొలబద్దతో పట్టవచ్చును. రెజిన్ గట్టిపడేటప్పుడు కొద్దిగా కుంచించుకొంటుంది. అది నూటికి ఒక వంతు అనుకొంటే, 25.4 మిల్లీమీటర్ల చక్రం మొదటి పోతలో 25.15 అవుతుంది. మంచి తయారీదారు ఈ తరుగును ముందే లెక్కవేసి మూలచక్రాన్ని ఆ మేరకు పెద్దది చేస్తాడు. నకలు తీసేవాడు ఆ పని చేయలేడు. నకలుకు నకలు తీస్తే తరుగు మీద తరుగు పడుతుంది.

ఇటీవల చాలామంది అచ్చులనే మానివేసి చక్రాలను నేరుగా ముద్రిస్తున్నారు. ఊదారంగు కాంతి తగిలితే గట్టిపడే ద్రవాన్ని, మిల్లీమీటరులో 20వ వంతు లేదా అంతకంటె పలచని పొరలుగా ఒకదానిపై ఒకటి పేర్చుతారు. దీనిని కూడా రెజిన్ అనే అంటారు గాని, ఇది పాలీయూరిథేన్ కాదు; ఎక్కువగా ఎక్రిలేట్ జాతికి చెందినది. గట్టిపడని ద్రవం చర్మానికి తగిలితే కురుపులు లేవవచ్చును. జాగ్రత్తలలో మాత్రం తేడా లేదు.

బరువు మోస్తున్న టైరు

రెజిన్ చక్రాలను అమ్మేవారు వాటిని గూర్చి గొప్పగా చెప్పుకొనే విశేషం ఒకటున్నది. అవి ‘బరువు మోస్తున్న’ చక్రాలట. నేలను తాకేచోట టైరు చదునుగాను, ఆ చదునుకు ఇరువైపులా పొట్ట కొద్దిగా ఉబ్బుగాను ఉంటుంది. ఇందులోని భౌతికశాస్త్రం రుచికరమైనది.

గాలి నింపిన టైరు తన మీది బరువును ముఖ్యంగా లోపలి గాలి ఒత్తిడితోనే మోస్తుంది. గోడల బిగువును ప్రస్తుతానికి వదిలివేస్తే, నేలను తాకే వైశాల్యాన్ని ఒత్తిడితో గుణిస్తే బరువు వస్తుంది. నిండుగా సామాను ఎత్తిన లారీలో ఒక్కొక్క టైరు మీద 700 కిలోలు పడిందనీ, లోపలి గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోలనీ అనుకొందాం. అప్పుడు నేలను తాకే వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు. టైరు అడుగు 15 సెంటీమీటర్ల వెడల్పు అయితే, చదునైన భాగం పొడవు సుమారు 13 సెంటీమీటర్లు. 35వ వంతులో ఇది 3.8 మిల్లీమీటర్లు. గుండ్రని చక్రానికి ఈ చదును లేకపోతే, లారీ నేల మీద నిలబడినట్లు గాక, గాజుబొమ్మ వలె నేలను ముట్టీ ముట్టనట్లు కనిపిస్తుంది. కంటికి కారణం తెలియకపోయినా లోపం తెలుస్తుంది.

అయితే నమూనాకు కూడా మెత్తని రబ్బరు టైర్లు తొడిగి, నిజమైన లారీలో ఉన్నంత గాలినే నింపితే, అవి తమంత తామే చదును కావా? కావు. పొడవును 35వ వంతు చేసినప్పుడు వైశాల్యం 35 × 35, అనగా 1,225వ వంతు అవుతుంది. బరువు మాత్రం ఘనపరిమాణాన్ని అనుసరించి 35 × 35 × 35, అనగా 42,875వ వంతుకు పడిపోతుంది. నాలుగు టన్నుల ఖాళీ లారీని అదే ఉక్కుతో, అదే రబ్బరుతో ఆ పరిమాణంలో చేసినా 93 గ్రాములే తూగుతుంది. సామాను ఎత్తినప్పటి 700 కిలోల వాటా 16 గ్రాములవుతుంది. అంత కొద్ది బరువు, నిజమైన టైరులోని ఒత్తిడిలో 35వ వంతును మాత్రమే ఎదుర్కొనగలదు. ఏనుగు కాళ్ళు స్తంభాల వలె ఉండి, చీమ కాళ్ళు పోగుల వలె ఉండడానికీ ఇదే కారణం. ప్రకృతి చేయనిదానిని ఇక్కడ చెక్కేవాడి చేయి చేయవలసి వస్తున్నది.

ఒత్తిడిని బట్టి చదును మారుతుందనడానికి అదే లారీ నుంచి పుట్టిన మరొక వాహనం సాక్ష్యం. జి.ఎం.సి. లారీ యంత్రాంగానికి పడవ ఆకారపు తొడుగు వేసి, నేల మీదా నీటి మీదా నడిచే డి.యు.కె.డబ్ల్యు. అనే వాహనాన్ని 1942లో తయారుచేశారు. సముద్రం నుంచి ఇసుక మీదికి ఎక్కేటప్పుడు దీని చక్రాలు కూరుకుపోకుండా, డ్రైవరు తన చోటు కదలకుండానే టైర్లలో గాలి తగ్గించే ఏర్పాటు అందులో ఉండేది. గట్టి రోడ్డు ఎక్కగానే మళ్ళీ నింపుకొనేవాడు. ఒత్తిడి సగమైతే వైశాల్యం రెట్టింపు; ఇసుక మీద పడే భారం విస్తరించి, చక్రం పైకి తేలుతుంది. పై లెక్కలోని 3.8 మిల్లీమీటర్లు 7.6 అవుతాయి. కాబట్టి డి.యు.కె.డబ్ల్యు.ను ఇసుకలో నిలిపి చూపదలచినవాడు ఒక రకపు చక్రాలూ, రేవు రోడ్డు మీద చూపదలచినవాడు మరొక రకపు చక్రాలూ వాడవలసి ఉంటుంది. సైన్యపు లారీ అయినంత మాత్రాన టైరు ఊబకాయం వలె ఉబ్బి ఉండాలని అనుకోవడం పొరపాటు. అమ్మకానికి వచ్చే చక్రాలలో కొన్నిటికి ఈ ఉబ్బు మితిమీరి కనిపిస్తుంది.

అమర్చడం

పోత పోసేటప్పుడు రెజిన్ లోపలికి దిగడానికి ఒక దారి కావాలి. ఆ దారిలో గడ్డకట్టిన రెజిన్ చక్రానికి దిమ్మవలె అతుక్కొని వస్తుంది. తెలివైన తయారీదారు ఈ దిమ్మను టైరు చదునుగా ఉండే చోటనే వచ్చేటట్లు చూస్తాడు. సన్నని రంపంతో దానిని కోసివేసి రుద్దితే, కోత గుర్తు చదునులో కలిసిపోయి నేలకు ఆనుతుంది, ఎవరికీ కనిపించదు. కోసేముందు చక్రాలను సబ్బునీటితో కడగాలి. అచ్చు నుంచి తేలికగా ఊడడానికి రాసిన జిడ్డు మిగిలి ఉంటే రంగు పట్టదు.

పాలీస్టైరీన్‌ను అంటించే జిగురు రెజిన్ చక్రానికి పనికిరాదు. ఆ జిగురు నిజానికి ఒక ద్రావణి. రెండు ముక్కల అంచులనూ కొద్దిగా కరిగించి ఒకటి చేస్తుంది. పాలీయూరిథేన్ అందులో కరగదు. కాబట్టి సయనోఎక్రిలేట్ గాని, ఎపాక్సీ గాని వాడాలి. వీటిలో రెండవదే ఇక్కడ మేలు. ఎందుచేతనంటే అది నెమ్మదిగా గట్టిపడుతుంది. ఆ వ్యవధి ఎందుకు కావాలో చక్రాలు అమర్చేటప్పుడు గాని తెలియదు.

మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి. అందుకే మూడు కాళ్ళ పీట ఎంత ఎగుడుదిగుడు నేల మీదనైనా కుదురుగా నిలుస్తుంది. నాలుగవ కాలు రాగానే పీట ఊగడం మొదలుపెడుతుంది. ఇక్కడ 10 చక్రాల చదునులు ఒకే తలంలోకి రావాలి. నిజమైన లారీకి కమానుకట్టలు ఉన్నాయి; అవి వంగి ప్రతి చక్రాన్నీ నేలకు ఆనిస్తాయి. నమూనాలో కమానుకట్టలు ఉన్నట్లు కనిపిస్తాయే గాని వంగవు. గుండ్రని చక్రమైతే ఎటు తిరిగి ఉన్నా ఒకటే. చదును గల చక్రం కొద్ది డిగ్రీలు పక్కకు తిరిగినా ఒక అంచు గాలిలోకి లేస్తుంది. అందుచేత ఇరుసులకు ఎపాక్సీ రాసి, చక్రాలన్నిటినీ తొడిగి, అది తడిగా ఉండగానే లారీని దళసరి గాజుపలక మీద నిలిపి, పైన కొద్దిపాటి బరువు ఉంచాలి. ఒక్కొక్క చక్రాన్నీ వేలితో కదిపి, చదును గాజుకు పూర్తిగా ఆనేటట్లు సరిచేయాలి. ఆ తరువాత పలుచని కాగితపు ముక్కను ప్రతి చక్రం కిందికీ జొనిపి చూడాలి. వెనుక జంటలలో లోపలి చక్రాలను మరచిపోవడం మామూలు. వాటి కింద కూడా చూడాలి. కాగితం ఎక్కడా దూరకపోతే, ఎపాక్సీ గట్టిపడేవరకు లారీని కదపకుండా అట్లాగే ఉంచాలి.